తాయ్ చీ: ముందు కాళ్ళు, తర్వాతే చేతులు

పార్కులో పొద్దున్నే నెమ్మదిగా చేతులు తిప్పుతూ కనిపించేవాళ్ళని చూసి, చైనాలో పుట్టిన ఈ తాయ్ చీ అంటే చేతుల విద్య అనుకుంటారు చాలామంది. ఫోన్‌లో వీడియో పెట్టుకుని చేతులు ఎలా తిరుగుతున్నాయో మక్కీకి మక్కీ దించేస్తారు. మూడు నెలలకి ఇరవై నాలుగు భంగిమలూ వచ్చేస్తాయి, వాటితోపాటు మోకాళ్ళ నొప్పీ వస్తుంది. తాయ్ చీ ఉన్నది కాళ్ళలో. ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి బరువు ఎలా వెళ్తోంది, వెళ్ళేటప్పుడు నడుము ఏం చేస్తోంది అన్నదే అసలు విద్య. ఒంటికి మేలు చేసేదీ అదే, ఎవరైనా తోస్తే పడిపోకుండా నిలబెట్టేదీ అదే. అందుకే కింద చెప్పిన పద్ధతిలో మొదటి నెల చేతులకి దాదాపు పనే ఉండదు. ఓపిక పట్టండి.

ఏ పద్ధతి నేర్చుకోవాలి

దీని పూర్తి పేరు తాయ్‌జీచ్వాన్. తాయ్‌జీ అంటే యిన్, యాంగ్ (మెత్తనిది, గట్టిది లాంటి ఎదురెదురు జంట గుణాలు) రెండూ ఇమిడి ఉన్న మూలతత్వం. చ్వాన్ అంటే పిడికిలి. అంటే పేరులోనే ఇది యుద్ధవిద్య అని ఉంది. వూడాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే దావో (తావో) మతపు సాధువు దీన్ని కనిపెట్టాడని కథ. చరిత్రలో దొరికే ఆధారాలు మాత్రం హెనాన్ ప్రాంతంలోని చెన్‌జియాగౌ అనే పల్లెకి, 17వ శతాబ్దంలో అక్కడున్న చెన్ వాంగ్‌టింగ్‌కి తీసుకెళ్తాయి. ఆ ఊరివాళ్ళ దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) దీన్ని బీజింగ్‌కి తెచ్చాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) విశాలంగా, నిదానంగా సాగే రూపాన్ని ఊరూరా వ్యాపింపజేశాడు. మనం పార్కుల్లో చూసేది ఎక్కువగా ఆ వంశానిదే.

దావో చింతనకీ దీనికీ ఉన్న సంబంధం పేరు వరకే కాదు. మెత్తనిది గట్టిదాన్ని గెలుస్తుందన్నది దావో చింతనకి మూలపురుషుడిగా చెప్పే లావోజీ మాట. ఎదుటివాడి బలాన్ని బలంతో ఢీకొట్టకుండా దారి మళ్ళించడం అన్న పని మొత్తం అక్కడి నుంచే వచ్చింది. తాయ్ చీని, షింగ్‌యీ, బాగువా అనే మరో రెండు చైనా యుద్ధవిద్యల్ని కలిపి అంతర్గత విద్యలు అంటారు. కండబలం, వేగం కన్నా ఒంటి అమరికనీ, బిగువు లేకపోవడాన్నీ ముందు చూస్తాయి కాబట్టి ఆ పేరు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి 1956లో చైనా క్రీడా కమిషన్ యాంగ్ పద్ధతి నుంచి కుదించిన 24 భంగిమల రూపం సరిపోతుంది. మొత్తం చేయడానికి 5, 6 నిమిషాలు పడుతుంది. చెన్‌జియాగౌ వాళ్ళదైన చెన్ పద్ధతిలో కిందికి కూర్చునే భంగిమలు, నేలని తన్నడాలు, ఉన్నట్టుండి విసిరే దెబ్బలు ఉంటాయి. నలభై దాటి వ్యాయామం అలవాటు లేనివాళ్ళు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది. మోకాళ్ళు ఇప్పటికే అరిగి ఉంటే సున్ పద్ధతి చూడండి. సున్ లూతాంగ్ (1860–1933) రూపొందించిన ఆ పద్ధతిలో నిలువు ఎత్తుగా ఉంటుంది, ముందు కాలు వేయగానే వెనక కాలు దాని వెంటే వస్తుంది, మోకాలు ఎక్కువ వంగే పని ఉండదు.

వైద్యపరంగా ఏం ఆశించవచ్చు? నిలకడ, కాళ్ళ సత్తువ, పడిపోయే ప్రమాదం తగ్గడం. వీటికి గట్టి ఆధారాలున్నాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు తాయ్ చీ, ఒకటి బరువులతో వ్యాయామం, ఒకటి స్ట్రెచింగ్. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. నిలకడ పరీక్షల్లో తాయ్ చీ గుంపే ముందుంది. ఇది మందులకి బదులు కాదు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపేయమని చెప్పే గురువు దగ్గరికి వెళ్ళకండి.

చోటు, చెప్పులు, వేళ

ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న చదునైన చోటు చాలు. డాబా బాగుంటుంది. నున్నటి టైల్స్ మీద సాక్సులతో వద్దు, జారతారు. మెత్తటి యోగా మ్యాట్ కూడా వద్దు, పాదం తిప్పేటప్పుడు పట్టేసి మోకాలిని మెలిపెడుతుంది. అడుగు పల్చగా, చదునుగా ఉన్న కాన్వాస్ బూట్లు మంచివి. మడమ ఎత్తుగా ఉన్న రన్నింగ్ బూట్లు ఒంటిని ముందుకి తోస్తాయి, బరువు ఎక్కడుందో పాదానికి తెలియనివ్వవు. తిన్నాక గంటన్నర ఆగండి. రోజూ 20 నిమిషాలు చేయడం, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేయడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. పక్కన ఒక బరువైన కుర్చీ పెట్టుకోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద చెయ్యి వేస్తే అది మీతోపాటే పడుతుంది.

మొదటి రెండు వారాలు: నిలబడటం

దీన్ని ఝాన్ ఝ్వాంగ్ అంటారు, స్తంభంలా నిలబడటం. పాదాలు భుజాలంత ఎడంగా, ఒకదానికొకటి సమాంతరంగా పెట్టండి. మనలో చాలామందికి కాలివేళ్ళు బయటికి తిరిగి ఉండే అలవాటు. పాదాల బయటి అంచులు సమాంతరంగా ఉన్నాయో లేదో కిందికి చూసి సరిచేసుకోండి. మోకాళ్ళు బిగపెట్టకుండా కాస్త వదలండి. ఎత్తు స్టూలు అంచు మీద కూర్చోబోయి ఆగినట్టు, గజ్జల దగ్గర మడత పడాలి. ఆ మడతని చైనీయులు క్వా అంటారు, ముందుముందు పదేపదే అవసరమవుతుంది. నడుము వెనక గుంట కాస్త నిండుతుంది. బలవంతంగా పిరుదులు లోపలికి లాక్కోకండి. నడినెత్తిని పైనుంచి దారంతో ఎవరో పట్టుకున్నట్టు తల నిటారుగా, గడ్డం కొంచెం లోపలికి. భుజాలు దించండి. చేతులు పక్కనే వేలాడనివ్వండి, చంకల్లో ఒక్కో గుడ్డు పట్టేంత ఖాళీ ఉండాలి.

బరువు పాదంలో ఎక్కడుంది? మడమల మీదే ఉంటే వెనక్కి తూలుతారు, వేళ్ళ మీదే ఉంటే పిక్కలు బిగుస్తాయి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ మూడూ నేలని ఒకేలా తాకాలి. మొదటిరోజు 2 నిమిషాలు చాలు. రెండ్రోజులకి ఒక నిమిషం చొప్పున పెంచితే రెండు వారాలకి 8 నిమిషాలకి వస్తారు. తొడలు వణికితే భయం లేదు, కాస్త పైకి లేవండి. మోకాలిచిప్ప లోపల సూదిలా పొడిస్తే మాత్రం ఆపేయాలి. మోకాళ్ళు ఒకదాని వైపు ఒకటి వాలుతున్నాయేమో చూడండి, చాలామందికి తప్పు అక్కడే ఉంటుంది.

ఊపిరి ముక్కుతో, మామూలుగా. నాభికి మూడు వేళ్ళ కింద ఉన్న చోటుని డాన్‌తియెన్ అంటారు. పీల్చినప్పుడు పొట్ట అక్కడ మెల్లగా నిండితే చాలు. ప్రాణాయామం అలవాటున్నవాళ్ళు ఇక్కడ కుంభకం చేయబోతారు. వద్దు. తాయ్ చీలో ఊపిరి బిగపట్టరు. బీపీ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

మూడు, నాలుగు వారాలు: పిల్లి నడక

పిల్లి అడుగు ఎలా వేస్తుందో అలా వేయమని పాత పాఠాలు చెప్తాయి. పిల్లి పంజాని ముందు ఖాళీగా నేలకి ఆనిస్తుంది, నచ్చితేనే బరువు వేస్తుంది.

ముందు నేల మీద ముగ్గుపిండితో రెండు సమాంతర గీతలు గీయండి, మధ్య ఒక జానెడు ఎడం. రైలు పట్టాల్లా ఉండాలి. ఎడమ మడమ ఎప్పుడూ ఎడమ గీత మీద, కుడి మడమ కుడి గీత మీద పడాలి. ఇదెందుకంటే, కొత్తవాళ్ళు తెలియకుండానే ఒకే గీత మీద, తాడు మీద నడిచేవాడిలా అడుగులు వేస్తారు. అలా నిలబడ్డప్పుడు పక్కనుంచి వేలితో తోసినా పడిపోతారు. వారం రోజులు గీతల మీద నడిచాక ముగ్గు ఎక్కడ చెదిరిందో చూడండి, మీ తప్పు నేల మీదే రాసి ఉంటుంది.

బరువంతా కుడికాలి మీద వేసి క్వా దగ్గర కొంచెం కూర్చోండి. ఎడమ మడమ దానంతటదే తేలుతుంది. ఎడమ పాదాన్ని కుడి చీలమండ దగ్గరికి తెచ్చి, ముందుకి పంపి, మడమ మాత్రమే ఎడమ గీత మీద ఆనించండి. ఇక్కడ ఆగి పరీక్షించుకోండి. ఒళ్ళు కదలకుండా ఆ కాలు మళ్ళీ పైకి తీయగలరా? తీయలేకపోతే అడుగు పొడవు ఎక్కువైంది. అడుగు ఎంత దూరం వేయాలో నిలబడిన కాలు ఎంత వంగిందో నిర్ణయిస్తుంది. ఎక్కువ వంగలేని మోకాలైతే పొట్టి అడుగే సరైన అడుగు.

తీయగలిగితే, అరికాలిని మడమ నుంచి వేళ్ళ దాకా నేల మీద పరచండి. తర్వాత వెనక కాలితో నేలని తోస్తూ ముందు మోకాలు వంచండి. బరువులో పదింట ఏడొంతులు ముందుకి వచ్చేదాకా వెళ్ళండి. మోకాలు కాలివేళ్ళ కొసలు దాటకూడదు, రెండో వేలు చూసే దిక్కునే మోకాలూ చూడాలి. వెనక మడమ లేవకూడదు, వెనక పాదం సుమారు 45 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది. దీన్ని గోంగ్‌బు అంటారు, విల్లు భంగిమ.

ముందు పాదాన్ని తిప్పాలిప్పుడు. మోకాళ్ళు పాడయ్యేది ఇక్కడే. బరువంతా ముందు కాలి మీద ఉండగా పాదాన్ని తిప్పితే పాదం నేలకి అతుక్కునే ఉంటుంది, తొడ తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. మోకాలు మడతబందు లాంటిది, అది వంగుతుంది, చాపుతుంది, తిరగడానికి పుట్టలేదు. అందుకని ముందు వెనక కాలి మీదికి కూర్చోండి. ముందు కాలివేళ్ళు తేలతాయి. నడుము తిప్పండి, దాంతోపాటే పాదం మడమ మీద 45 డిగ్రీలు బయటికి తిరుగుతుంది. పాదం పరిచి, బరువు మొత్తం దాని మీదికి తెచ్చి, వెనక కాలు చీలమండ దగ్గరికి లాక్కుని రెండో అడుగు.

ఒక్కో అడుగుకి 6 నుంచి 8 సెకన్లు. పది అడుగులు ముందుకి, తిరిగి పది. తల ఎత్తు మారకూడదు. గోడ పక్కన నడుస్తూ, చెవి ఎత్తులో గోడ మీద సుద్దతో గీసిన గీతకి చెవి పైకీ కిందికీ పోతోందేమో ఎవరినైనా చూడమనండి. పోతోందంటే అడుక్కీ అడుక్కీ మోకాళ్ళు బిగిస్తూ, వదుల్తూ నడుస్తున్నారన్నమాట.

రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసుకుని ఎటూ కదల్లేకుండా ఇరుక్కుపోవడాన్ని పాత గ్రంథాలు ‘ద్విభారం’ అనే జబ్బుగా చెప్తాయి. ఏళ్ళు సాధన చేసినా ఎదుటి బలాన్ని మళ్ళించలేకపోతే కారణం అదేనంటాయి. కదిలేటప్పుడు ఎప్పుడూ ఒక కాలు నిండుగా, ఒకటి ఖాళీగా ఉండాలి.

ఐదో వారం నుంచి: పిచ్చుక తోక

ఇప్పుడు చేతులు. 24 భంగిమల్ని వారానికి రెండు చొప్పున నేర్చుకుంటే పన్నెండు వారాలు. వాటిలో ఒక్కదాన్నే ఇక్కడ విడమరిచి చెప్తాను, ఎందుకంటే తాయ్ చీలో ఉన్న నాలుగు ముఖ్య బలాలూ అందులోనే ఉన్నాయి. పేరు లాన్ చ్వే వేయ్, పిచ్చుక తోక పట్టడం.

ఎడమ కాలు ముందున్న విల్లు భంగిమలోకి వస్తూ ఎడమ ముంజేయిని ఛాతీ ముందు గుండ్రంగా, అరచెయ్యి మీ వైపు ఉండేలా లేపండి. ఇది పంగ్. గాలి నింపిన సైకిల్ ట్యూబుని వేలితో నొక్కితే లొంగినట్టే లొంగి మళ్ళీ తోస్తుందే, ఆ గుణం. మోచెయ్యి మణికట్టు కన్నా కిందే ఉండాలి, పైకి లేస్తే భుజం బిగుస్తుంది, ట్యూబు గట్టి కర్ర అవుతుంది.

నడుము కొంచెం ఎడమకి తిప్పి, ఎడమ అరచెయ్యి కిందికీ, కుడి అరచెయ్యి పైకీ చూసేలా దాని దిగువన పెట్టండి. వెనక కాలి మీదికి కూర్చుంటూ నడుము కుడికి తిప్పండి, రెండు చేతులూ నడుముతోపాటే కిందికి, వెనక్కి వస్తాయి. ఇది ల్యూ. ఎదుటివాడు తోసిన దిక్కులోనే వాణ్ణి పక్కకి సాగనంపడం. చేతులతో లాగితే మీ భుజం వాడికి దొరుకుతుంది. లాగేది నడుము, చేతులు దానికి వేలాడుతున్నాయంతే.

నడుము మళ్ళీ ముందుకి తిప్పి, కుడి అరచేతి అడుగుని ఎడమ మణికట్టు లోపలికి ఆనించి, బరువు ముందుకి తెస్తూ నొక్కండి. ఇది జీ. తర్వాత చేతులు భుజాలంత వెడల్పుకి విడదీసి, వెనక్కి కూర్చుంటూ వాటిని పొట్ట ముందుకి దించి, మళ్ళీ ముందుకి వస్తూ రెండు అరచేతులతో తోయండి. ఇది ఆన్. తోపు అరచేతుల్లోంచి పుట్టదు, వెనక పాదంలోంచి వస్తుంది. నమ్మకం కలగాలంటే గోడకి అరచేతులు ఆనించి, భుజాలతో తోసి చూడండి, తర్వాత భుజాలు వదిలేసి వెనక మడమతో నేలని నొక్కి చూడండి. రెండోసారి గోడ మీ మడమకి తెలుస్తుంది.

ఈ నాలుగింటినీ రోజుకి ఎడమవైపు పది, కుడివైపు పది చేయండి. మిగతా భంగిమలు దీని తర్వాత సులువుగా వస్తాయి. కనీసం నెలకి రెండుసార్లయినా తెలిసినవాళ్ళకి చూపించుకోండి. మీ మోకాలు లోపలికి వాలిందని అద్దం చెప్పొచ్చు గానీ, మీ భుజం బిగిసిందని చెప్పాలంటే చెయ్యి వేసి చూసే మనిషి కావాలి. గురువుని ఎంచుకునేటప్పుడు ఒక తరగతి పక్కన కూర్చుని చూడండి. కాళ్ళు సరిచేస్తున్నారా? విద్యార్థుల్ని జంటలుగా నిలబెట్టి సాధన చేయిస్తున్నారా? తాకకుండానే మనిషిని పడగొడతానంటే లేచి వచ్చేయండి.

ఆత్మరక్షణ గురించి నిజం

భంగిమలు ఒంటరిగా ఎన్నేళ్ళు చేసినా ఆత్మరక్షణ రాదు. 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో ఒక మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు తాయ్ చీ గురువుగా చెప్పుకునే ఒకాయన్ని అర నిమిషం కూడా గడవకుండా పడగొట్టాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. అది విద్య తప్పు అనడం తొందరపాటు. ఎదురు తిరిగే మనిషితో సాధన చేయకపోతే ఏ విద్యకైనా జరిగేది అదే.

తాయ్ చీలో ఒంటరి భంగిమల నుంచి ఎదురు తిరిగే మనిషి దాకా తీసుకెళ్ళే వంతెన పేరు ట్వేయ్‌షౌ, చేతులతో తోసుకునే సాధన. మూడో నెలలో మొదలుపెట్టండి. ఇద్దరూ కుడికాలు ముందు పెట్టి, ముందు పాదాల మధ్య ఒక జానెడు ఎడంతో ఎదురెదురుగా నిలబడండి. కుడి మణికట్ల వెనకభాగాలు ఆనించండి. మధ్యలో ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టండి. ఒకరు బరువు ముందుకి తెస్తూ ఎదుటివారి ఛాతీ వైపు నొక్కుతారు. రెండోవారు వెనక కాలి మీదికి కూర్చుంటూ, నడుము కుడికి తిప్పి ఆ తోపుని పక్కనుంచి పోనిస్తారు. తర్వాత పాత్రలు మారతాయి. చేతులు నేలకి సమాంతరంగా ఒక గుండ్రం గీస్తూ పోతాయి. పేపరు జారకూడదు, చిరగకూడదు.

జారితే స్పర్శ వదిలేశారు. చిరిగితే ఎదురు నెట్టారు. మీ ముంజేయి ఛాతీకి అంటుకుపోయిందంటే పంగ్ చచ్చిపోయింది. ఈ తప్పులన్నిటికీ ఒకటే మందు. చేతిని సరిచేయబోకండి, క్వాలోకి ఇంకొంచెం కూర్చోండి. ఐదేసి నిమిషాలు, రెండు చేతులతోనూ. గెలవాలన్న పట్టుదల ఉన్న జోడీ దొరికితే మొదటి రెండు నెలలు దూరంగా ఉండండి, ఇద్దరికీ బిగువే మిగులుతుంది. ఆ తర్వాత అలాంటివాళ్ళే కావాలి. తోపు బలం, వేగం నెలనెలా పెంచుకుంటూ, కదిలే అడుగులతో, పట్టులతో సాధన చేయాలి.

ఇక్కడి నుంచి అందరికీ పనికొచ్చే ఒక విడుపు చెప్తాను. ఎవరో మీ మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. సహజంగా చెయ్యి వెనక్కి లాక్కుంటాం, అప్పుడు వాడి పూర్తి బలం మీ భుజం మీద పడుతుంది. లాగకండి. పట్టుబడ్డ మీ చెయ్యి ఎటువైపుదో ఆ వైపు కాలు ఒక పొట్టి అడుగు ముందుకి వేయండి, వాడి కాళ్ళ మధ్యకి కాదు, పక్కకి. బరువు దాని మీదికి దించండి. ఇప్పుడు మీ మోచెయ్యి మీ పక్కటెముకల దగ్గరికి వచ్చేసింది. వాడి బొటనవేలు, మిగతా వేళ్ళు కలిసే సందు ఎటుందో చూడండి. పట్టులో బలహీనమైన చోటు అదే, ఒక్క వేలే కాపలా ఉంది అక్కడ. మణికట్టు సన్నటి అంచు ఆ సందుకి ఎదురుగా వచ్చేలా చెయ్యి తిప్పి, మోచేతిని వాడి ముంజేయి వైపు మడుస్తూ నడుము తిప్పండి. చెయ్యి బయటికి వస్తుంది.

వచ్చిన వెంటనే రెండు మూడు అడుగులు వెనక్కి, గట్టిగా అరుస్తూ, దారి ఉన్న వైపుకి. కొట్టడానికి ఆగకండి. కత్తి ఉన్నవాడి ముందు ఇదేదీ ప్రయత్నించకండి, పర్సు ఇచ్చేయండి.

జోడీతో సాధన చేసేటప్పుడు ముందు పట్టు మూడో వంతు బలంతో ఇరవైసార్లు, మర్నాడు సగం బలంతో, వారం చివరికి పూర్తి బలంతో. పూర్తి బలంతో పట్టినప్పుడు విడవకపోతే చేతి బలం పెంచబోకండి. అడుగు వేశారా, వేసిన కాలి మీదికి బరువు నిజంగా దిగిందా అన్నది చూసుకోండి. చాలాసార్లు కాలు ముందుకి వెళ్ళి ఉంటుంది, బరువు మాత్రం వెనకే ఉండిపోయి ఉంటుంది. అలాంటప్పుడు మళ్ళీ వారం పాటు ముగ్గు గీతల మీదికి వెళ్ళాలి.